ఉభయకుశలోపరి: అంతర్జాల ఆత్మప్రదర్శన - వ్యక్తిస్వస్థత

వ్యాససంగ్రహం

సామాజిక మాధ్యమాల్లో తనను ఉన్నదున్నట్టు చూపుకునే మనిషి మనసు కుదుటగా ఉంటుందని, మెరుగులు దిద్ది చూపుకునేవారికి ఆ తృప్తి తక్కువని ఇటీవలి మనోవిజ్ఞాన పరిశోధన చెబుతోంది. ఈ నిర్ణయంలో దాచడానికీ అబద్ధమాడడానికీ ఉన్న తేడా చెరిగిపోయిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. తెలుగు వ్యవహారంలోని గుట్టు, బొంకు అనే మాటలు, భరతుడు చెప్పిన అవహిత్థ, దశరూపకంలోని శ్రావ్యవిభాగం, కన్యాశుల్కంలోని గిరీశం పాత్ర ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ఆత్మప్రదర్శన, స్వస్థత, గుట్టు, బొంకు, అవహిత్థ, స్వగతం, జనాంతికం.

ఉత్తరంలోని మొదటి వాక్యం

పోస్టుకార్డులు, ఇన్‌లాండ్ కవర్లు నడిచిన కాలంలో తెలుగు ఉత్తరానికి ఒక స్థిరమైన ఎత్తుగడ ఉండేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం అన్న వాక్యం; ఆ వెంటనే 'ఉభయకుశలోపరి' అన్న మాట. ఇరుపక్షాల కుశలం చెప్పుకున్న తరువాత అని దాని అర్థం. ఇంట్లో ఇద్దరు జ్వరంతో మంచాన పడి ఉన్నా మొదటి వాక్యం మారేది కాదు. చదివేవారు దాన్ని అక్షరాలా నమ్మేవారు కారు, అబద్ధమని తప్పుపట్టేవారూ కారు. అసలు సంగతి 'ఉపరి' తరువాత మొదలయ్యేది: అప్పు, అల్లుడి అలక, పరీక్ష తప్పడం, పంట పోవడం. చెప్పలేక చెప్పవలసిన మాట ఏదైనా మిగిలితే సంతకం కింద 'తా.క.' అని, ఒక్కోసారి కాగితం అంచున అడ్డంగా, ఇరికించినట్టు కనిపించేది.

ఫేస్‌బుక్ పోస్టులోనూ ఇన్‌స్టాగ్రామ్ చిత్రంలోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఆ మొదటి వాక్యమే. కుశలం ఉంది, ఉపరి లేదు. కొత్త మాధ్యమం మనుషులకు అబద్ధాలు నేర్పిందనే ఫిర్యాదు తరచు వినబడుతుంది కాని, క్షేమమని ముందుగా చెప్పడం మాధ్యమం నేర్పినది కాదు. మాధ్యమం తీసివేసినది ఆ తరువాతి భాగాన్ని.

క్షేమం, కుశలం అన్న మాటల పక్కన 'స్వస్థత'ను కూడా ఇక్కడ గమనించాలి. స్వ-స్థ, అంటే తనలో తాను ఉండటం. సుశ్రుతుడు స్వస్థుణ్ణి నిర్వచిస్తూ దోషాలు, అగ్ని, ధాతువులు సమంగా ఉండటంతో ఆగలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండటాన్ని కూడా చేర్చాడు. పదిమందికి కనబడే రూపంలోనే మనిషి పొద్దస్తమానం నివసించవలసి వస్తే అతడు తనలో తాను ఎప్పుడు ఉంటాడన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న. ఆధునిక మనోవిజ్ఞానం దీన్ని మరో రకంగా అడిగింది.

దూరాన్ని కొలిచిన పరిశోధన

ఎరికా బెయిలీ, సాండ్రా మాట్జ్, వు యూయూ, షీనా అయ్యంగార్ కలిసి 2020లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. 10,560 మంది ఫేస్‌బుక్ వినియోగదారులు తమ వ్యక్తిత్వం గురించి ప్రశ్నావళిలో తాము చెప్పుకున్నదాన్ని ఒక పక్కన పెట్టారు. వారి లైకులు, స్టేటస్ రాతలను బట్టి కంప్యూటర్ నమూనాలు అంచనా వేసిన వ్యక్తిత్వాన్ని రెండో పక్కన పెట్టారు. ఈ రెండింటి మధ్య దూరం ఎంత తగ్గితే ఆత్మాభివ్యక్తి అంత ప్రామాణికమని లెక్క. దూరం తక్కువ ఉన్నవారిలో జీవితతృప్తి ఎక్కువగా కనిపించింది. సమాజం మెచ్చే స్వభావం ఉన్నవారికే ఈ మేలు పరిమితం కాలేదన్నది కూడా వారి ఫలితాల్లో ముఖ్యమైనది. తరువాత 90 మంది విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. ఒక వారం తమను ఉన్నట్టుగా, ఒక వారం ఆదర్శంగా కనబడేట్టుగా పోస్టులు పెట్టమన్నారు. ఉన్నట్టుగా రాసిన వారంలో మనఃస్థితి మెరుగ్గా ఉంది.

పద్ధతి గట్టిది. వేలమంది సహజంగా వదిలిన ఆనవాళ్ళను చదివింది కనుక ప్రశ్నావళి ఒక్కదాని మీదే ఆధారపడే అధ్యయనాలకన్నా దీనికి విలువ ఎక్కువ. మొదటి భాగం చూపినది సహసంబంధాన్నే కాని కారణాన్ని కాదన్నది పరిశోధకులకూ తెలుసు. అందుకే రెండో ప్రయోగం పెట్టుకున్నారు. అయితే చిక్కు కూడా ఆ రెండో ప్రయోగంలోనే ఉంది. విద్యార్థులకు ఇచ్చిన దారులు రెండే: ఉన్నట్టు చెప్పడం, లేనిది కల్పించి చెప్పడం. ఉన్నదాన్ని చెప్పకుండా ఊరుకోవడమనే మూడో దారి ప్రయోగంలో లేదు. తెలుగు కుటుంబాల్లో మనుషులు నూటికి తొంభై సందర్భాల్లో నడిచే దారి అదే.

గుట్టు, బొంకు

తెలుగులో ఈ తేడాకు వేరువేరు మాటలున్నాయి. బొంకు అంటే లేనిది ఉన్నట్టు చెప్పడం. గుట్టు అంటే ఉన్నదాన్ని బయటపెట్టకపోవడం. బొంకేవాడు నిందకు గురవుతాడు. గుట్టుగా బతికేవాడికి మర్యాద దక్కుతుంది. 'గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు' అనడం మెచ్చుకోలు. కొలత మాత్రం ఈ రెండింటినీ ఒకే దూరంగా చూస్తుంది. ఉద్యోగం పోయిన మనిషి కొత్త ఉద్యోగం వచ్చినట్టు రాసుకున్నా, ఉద్యోగం మాట ఎత్తకుండా కూతురి పుట్టినరోజు ఫొటో పెట్టినా, అతడి స్థితికీ పైకి కనిపించే రూపానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ అతడి మనసులో చేసే పని మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటి కాదు.

టోరీ హిగ్గిన్స్ 1987లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ కొంత ఉపకరిస్తుంది. ఉన్న తానుకూ కావాలనుకునే తానుకూ మధ్య ఎడం పెరిగితే దిగులు, నిరాశ కలుగుతాయని, ఉన్న తానుకూ ఉండవలసిన తానుకూ మధ్య ఎడం పెరిగితే ఆందోళన, భయం కలుగుతాయని ఆయన విభజించాడు. బొంకు చాలావరకు కావాలనుకునే తానుకు సంబంధించినది. గుట్టు ఉండవలసిన తానుకు, అంటే అమ్మానాన్నల ముందు, అత్తవారి ముందు, ఊరి ముందు నిలబెట్టుకోవలసిన తానుకు సంబంధించినది. కనుక తెలుగువారి ఆత్మప్రదర్శనలో అసూయకన్నా, నిరాశకన్నా ఆందోళన పాలు ఎక్కువ ఉండవచ్చునని ఊహించడానికి అవకాశముంది. ఇది ఊహే. దీన్ని పరీక్షించాలంటే గుట్టును బొంకునుంచి వేరుచేసే ప్రశ్నావళి తెలుగులో తయారుకావాలి.

గుట్టు నిర్దోషమైనదని ఇందువల్ల తేలదు. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత విభీషణుణ్ణి తప్పుపడుతుంది. రామాయణం ధర్మం పక్షాన నిలిచినవాడిగా చూపిన మనిషిని సామెత లంక వైపు నిలబడి చూస్తోంది! ఇంటి పరువు ఎవరి నోరు మూయించి నిలబెడుతున్నారన్న ప్రశ్న ఆ సామెతకు పట్టదు. దెబ్బలు తిన్న ఇల్లాలు పెళ్ళిరోజున భర్త పక్కన నవ్వుతూ దిగిన ఫొటో గుట్టు అనిపించుకోవచ్చు, కాని ఆ గుట్టును ఎంచుకున్నది ఆమె కాదు. తాను కోరి దాచుకోవడమూ, దాచక తప్పని స్థితిలోకి నెట్టబడటమూ తెర మీద ఒక్కలాగే కనిపిస్తాయి. ఉన్నదున్నట్టు రాసుకొమ్మని రెండో స్థితిలోని మనిషికి చెప్పే సలహా ప్రమాదకరం కూడా కావచ్చు.

అవహిత్థ

దాచడాన్ని అబద్ధంగా కాక ఒక భావంగా గుర్తించిన శాస్త్రం భారతీయుల చేతిలో ముందే ఉంది. నాట్యశాస్త్రం సప్తమాధ్యాయంలో భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావాల్లో అవహిత్థ ఒకటి. ఆకారాన్ని, అంటే లోపలి భావానికి బయట కనిపించే గుర్తును, కప్పిపుచ్చడం దాని స్వరూపం. లజ్జ, భయం, అపజయం, గౌరవం, కపటం దానికి విభావాలు. వేరే మాట మాట్లాడటం, చూపు తిప్పుకోవడం, సంభాషణ మధ్యలో తుంచడం, కృతకధైర్యం దానికి అనుభావాలు.

ఈ పట్టికను సామాజిక మాధ్యమాల ముందు పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బాధలో ఉన్న మనిషి సినిమా గురించి పోస్టు పెట్టడం అన్యథాకథనం. హఠాత్తుగా ఖాతా మూసివేయడం, డీపీ తీసి నల్లచిత్రం పెట్టడం కథాభంగం. రోజుకొకటి పంచుకునే ప్రేరణవాక్యాలు కృతకధైర్యం. విభావాల్లో కపటం ఒక్కటే బొంకుకు దారితీసేది. తక్కిన నాలుగూ గుట్టుకు చెందినవి. గౌరవాన్ని కూడా భరతుడు విభావంగా చెప్పడంలో లోతు ఉంది. పెద్దల ఎదుట, వారి మనసు కష్టపెట్టకూడదని దాచుకునేది కూడా అవహిత్థే.

అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థిని ఇక్కడ తలచుకోవచ్చు. వెనక బ్యాంకు అప్పు, తాకట్టులోని పొలం. ముందు దొరకని ఉద్యోగం, గడువు తరుముకొచ్చే వీసా. ఇంటివాళ్ళకు అందేది మంచులో దిగిన ఫొటో, స్నేహితుల కారు పక్కన నిలబడిన ఫొటో. ఈ ఫొటోలో భరతుడు చెప్పిన నాలుగు విభావాలు ఒకేసారి పనిచేస్తున్నాయి: పార్ట్‌టైమ్ పని చెప్పుకోలేని లజ్జ, తిరిగి వెళ్ళవలసి వస్తుందేమోనన్న భయం, అపజయం, తల్లిదండ్రుల మీది గౌరవం. దీన్ని ఆడంబరమని, ప్రచారయావ అని కొట్టిపారేసే విమర్శ మనిషిని చదవలేదు.

కావ్యంలో అవహిత్థకు ప్రసిద్ధమైన ఉదాహరణ కుమారసంభవం ఆరో సర్గలో ఉంది. అంగిరసుడు హిమవంతుడితో శివుడి తరఫున పెళ్ళి మాట మాట్లాడుతుంటే తండ్రి పక్కన ఉన్న పార్వతి తల వంచుకుని చేతిలోని తామరరేకులు లెక్కపెడుతుంది. ఆనందవర్ధనుడు ఈ సన్నివేశాన్ని ధ్వనికి ఉదాహరణగా తీసుకున్నాడు. పార్వతి దాస్తోంది, దాస్తున్నదని పాఠకుడికి తెలుసు. కప్పడమే ఇక్కడ చెప్పడం. అవహిత్థ అవహిత్థగా నిలవాలంటే దాన్ని గుర్తుపట్టే సహృదయుడు ఒకడు ఉండాలి. తామరరేకులకు వచ్చిన లైకులు లెక్కపెట్టే ప్రేక్షకుడి ముందు పార్వతి లజ్జకు ఉనికే లేదు. పైగా అవహిత్థ వ్యభిచారి. అలలా లేచి అణగిపోవలసిన భావం. చిత్రం పోస్టయి, భద్రమై, ఏటేటా జ్ఞాపకంగా తిరిగి ఎదురవుతుంటే పోవలసినది పోవడం లేదు. సంచారిని స్థాయిలా మోయవలసి రావడంలోనే అలసట ఉంది.

హుయిజు గ్రేస్ చౌ, నికొలస్ ఎడ్జ్ 2012లో యూటాలోని 425 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనం సహృదయుడి అవసరాన్ని మరో వైపునుంచి బలపరుస్తుంది. ఫేస్‌బుక్ స్నేహితుల్లో స్వయంగా ఎరగనివారు ఎక్కువైనకొద్దీ, ఇతరుల జీవితాలు తమ జీవితంకన్నా బాగున్నాయన్న నమ్మకం బలంగా కనిపించింది. స్నేహితులతో బయట ఎక్కువసేపు గడిపేవారిలో ఆ నమ్మకం తక్కువ. మనిషిని ఎరిగినవారు ఫొటోలో తామరరేకులను మాత్రమే చూడరు.

గిరీశానికి ఉన్నది

బొంకుకు తెలుగు సాహిత్యంలో గిరీశాన్ని మించిన ప్రతినిధి లేడు. కన్యాశుల్కం మొదలయ్యే చోటు విజయనగరంలోని బొంకులదిబ్బ కావడం గురజాడ చమత్కారం. తెర లేచేసరికి గిరీశం ఒంటరిగా ఉంటాడు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని తీసుకున్న డబ్బు ఖర్చయిపోయింది. ఊరు విడవవలసిన పరిస్థితి ముంచుకొస్తోంది. ఇవన్నీ అతడు దాపరికం లేకుండా తనతో తాను చెప్పుకుంటాడు. పరీక్ష తప్పిన వెంకటేశం కనిపించగానే ఆ మనిషి మాయమై మహాపండితుడు, సంస్కర్త, గురువు ప్రత్యక్షమవుతాడు. మధురవాణి ఇంట్లో మంచం కిందికి దూరవలసి వచ్చినా గిరీశం నిబ్బరం చెక్కుచెదరదు.

గిరీశం ప్రదర్శనకూ స్థితికీ మధ్య దూరాన్ని 2020 నాటి సూత్రంతో కొలిస్తే కొలత చాలదేమో. అయినా దిగులుతో కుంగిపోయే మనిషిగా అతడు కనిపించడు. స్వగతం అతడికి ఉండటమే ఇందుకు కారణం. తాను ఏమిటో తనకు తెలుసు, చూసేవారికీ తెలుసు. అతడి బొంకువల్ల చెడేది ఎదుటివాళ్ళు: పూటకూళ్ళమ్మ, వెంకటేశం, బుచ్చమ్మ. స్వగతమున్న బొంకు పరులకు చేటు చేస్తే, వినేవారు లేని గుట్టు తనకే చేటు చేస్తుంది. ప్రామాణికత సిద్ధాంతం ఈ రెండింటినీ ఒక్క గీత మీద పెట్టడం వల్లనే గిరీశం దానికి అంతుపట్టడు. నాటకం చివర సౌజన్యారావు పంతులు ముందు మధురవాణి వల్ల అసలు సంగతి బయటపడ్డప్పుడు కూడా గిరీశం కోల్పోయేది అవకాశాన్ని. తనను గురించిన భ్రమను కాదు, అది అతడికి మొదటినుంచీ పెద్దగా లేదు.

జనాంతికం

ధనంజయుడు దశరూపకంలో నాటకసంభాషణను వినేవారిని బట్టి విభజించాడు. అందరూ వినదగినది ప్రకాశం. ఎవరూ వినరానిది స్వగతం. కొందరే వినదగిన నియతశ్రావ్యం రెండు విధాలు: త్రిపతాకహస్తాన్ని అడ్డుపెట్టి, తక్కినవారిని తప్పించి మాట్లాడుకునే జనాంతికం, పక్కకు తిరిగి రహస్యం చెప్పే అపవారితం. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో మొదట వెలువరించి, 1959లో విస్తరించిన గ్రంథంలో నిత్యజీవితాన్ని రంగస్థలంగా చూసి, ముందు రంగం, వెనుక రంగం అన్నాడు. షెట్‌లాండ్ దీవుల్లోని ఒక హోటల్లో వంటగది తలుపు తెరిచి ఉంచాలా మూసి ఉంచాలా అన్న తగువు దాకా గమనించాడు. తెలుగులో ఇవాళ వెనుకటి సందర్భం అనే అర్థంలో వాడుతున్న 'నేపథ్యం' నాట్యపరిభాషలో వేషాన్ని, వేషం కట్టే చోటును చెప్పే మాట. గాఫ్‌మన్ విభజనకన్నా ధనంజయుడిది ఒక విషయంలో సూక్ష్మం. తెర వెనక్కి పోకుండా, అదే రంగం మీద, అందరి మధ్యా నిలబడి ఒకరితో మాత్రమే నిజం చెప్పుకునే వీలును అది గుర్తించింది.

ఫేస్‌బుక్ మొదట చేసిన పని ఈ శ్రావ్యభేదాలను పలచబరచడం. మేనమామ, పై అధికారి, పాత స్నేహితురాలు, ముక్కూమొహం ఎరగనివాడు ఒకే వరుసలో కూర్చున్నారు. ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ 2011 నాటి ట్విట్టర్ అధ్యయనంలో సందర్భాలన్నీ ఒకదానిమీదొకటి కూలిపోవడంగా వర్ణించినది ఈ స్థితినే. అందరూ వింటారని తెలిసినప్పుడు మిగిలే క్షేమకరమైన మాట కుశలవాక్యం ఒక్కటే. 2009లో వచ్చిన లైకు గుర్తు ఆ వాక్యానికి మార్కులు వేయడం మొదలుపెట్టింది.

ప్రకాశంలోనే నిలబడి నిజం చెప్పబోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాకు చెందిన ఎసీనా ఓనీల్ ఉదంతం చూపింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరు లక్షలకు పైగా అనుసరించేవారున్న ఆమె 2015 చివర సుమారు రెండు వేల చిత్రాలు తొలగించి, మిగిలినవాటి కింది రాతలను మార్చింది. పొట్ట పలచగా కనిపించే ఒక్క చిత్రం కోసం నూరు సార్లకు పైగా ఫొటో తీసిన సంగతి వంటివి వాటిలో రాసింది. మూలాన్ని అలాగే ఉంచి వ్యాఖ్యను మార్చడం సాహిత్యవిద్యార్థులకు పరిచితమైన పద్ధతే. ఈ వ్యాఖ్య మూలాన్నే ఖండించింది. ప్రశంసలు వచ్చాయి. ఇది కూడా ప్రచారం కోసమేనన్న ఆరోపణలూ వచ్చాయి, ఒకనాటి స్నేహితులనుంచే. ఆమె నిజాయితీని శంకించడానికి ఆధారం లేదు. కాని లక్షలమంది ముందు చెప్పిన స్వగతం శ్రావ్యధర్మంచేత ప్రకాశమే అవుతుంది, నటనగా చదివే హక్కు ప్రేక్షకుడికి వచ్చేస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పమనే సలహా ఈ దశలో అక్కరకు రాదు.

యువతరం ఈ చిక్కును పండితులకన్నా ముందే గ్రహించింది. కొద్దిమంది ఆప్తులకే తెలిసే రెండో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరుచుకుని, ఏడుపు మొహం, తప్పిన పరీక్ష, దువ్వని జుట్టు అందులో పెట్టుకున్నారు. దానికి 'ఫిన్‌స్టా', అంటే దొంగ ఇన్‌స్టా, అని పేరు. అసలు ఖాతాలో ఉన్నది వేషం, దొంగ ఖాతాలో ఉన్నది మనిషి! 2018లో ఇన్‌స్టాగ్రామ్ తానే 'క్లోజ్ ఫ్రెండ్స్' వసతి కల్పించింది. త్రిపతాకహస్తం ఇప్పుడు పచ్చని వలయంగా తిరిగివచ్చింది. తెలుగు ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళు మాత్రమే ఉండే వాట్సాప్ గుంపులూ, వాటిలో రాత్రిపూట నడిచే వాయిస్ మెసేజీలూ ఇదే కోవలోనివి. విద్యార్థి మంచుఫొటో కింద తండ్రి పెట్టిన నమస్కారం గుర్తుకూ, అదే రాత్రి అక్కకు అతడు పంపిన ఆరు నిమిషాల వాయిస్ మెసేజీకీ మధ్య వైరుధ్యం లేదు. అక్క ఉన్నంతవరకు ఆ ఫొటో అవహిత్థ. అక్క కూడా లేనప్పుడు దాన్ని ఏమనాలో భరతుడి పట్టికలో లేదు.

తెలుగులో ఈ దిశగా పరిశోధన చేయదలచినవారికి సామగ్రి విషయంలో ఇబ్బంది ఎదురవుతుంది. స్టేటస్ రాతలు దొరుకుతాయి, లైకులు లెక్కకు వస్తాయి. జనాంతికం దొరకదు, పరిశోధకుడు చొరబడితే అది జనాంతికంగా ఉండదు కూడా. సమ్మతితో కొందరు తమంతట తాము ఇస్తే తప్ప ఆ వాయిస్ మెసేజీలు పరిశోధనకు అందవు, అందకూడదు. ప్రస్తుతానికి కుశలమూ ఉపరీ రెండూ ఒకే కాగితం మీద ఉన్న ఆధారం పాత కుటుంబాల ఉత్తరాలే. వాటిలో చాలా భాగం అటకల మీద, ఇనుపతీగకు గుచ్చిన కట్టలుగా, చెదలు పడుతూ ఉన్నాయి.